నాలుగు మిల్లీమీటర్ల కొక్కెం

మూడో అంతస్తు, వంటింటి బల్ల దగ్గర
జూన్ 3

మా ఆవిడ ఏకైక తమ్ముడికి,

నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకోకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామంటే నువ్వు "హలో" అనేలోపు మీ అక్క నా చేతిలోంచి లాగేసుకుంటుంది. మీ ఇద్దరి ముచ్చట్లూ అయ్యేసరికి అసలు నేనెందుకు చేశానో నాకే గుర్తుండదు. అందుకని ఈ కాగితం.

పాత ఇంటి సామాన్ల మ్యూజియం వాళ్లు ఒక పుస్తకం వేస్తున్నారు. అందులో ఒక అధ్యాయం నన్ను రాయమన్నారు. డిష్‌వాషర్ల గురించి. డిష్‌వాషర్ మొత్తం కూడా కాదు, తలుపు లోపలివైపు సబ్బుపొడి వేసే అర ఉంటుంది చూడు, దాని ఒక్కదాని గురించే. నవ్వకు. నీ వంతు నవ్వు కూడా మీ అక్క ఇక్కడ అప్పుడే నవ్వేసింది.

మొదట్లో అసలు అరే లేదు. గుప్పెడు పొడి లోపలికి విసిరి తలుపు వేసేవాళ్లు. మొదటి నీళ్లకే పొడంతా కొట్టుకుపోయి, జిడ్డు వదిలించాల్సిన రెండో నీళ్లకి ఏమీ మిగిలేది కాదు. తర్వాత తిరగబడే కప్పు వచ్చింది. ఆ తర్వాత పక్కకి జరిగే మూత. ఆ తర్వాత, మనవి చేసుకుంటున్నాను, నాది. రెండు అరలు. మొదటిది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రెండోదానికి స్ప్రింగు మూత, ఆ మూతని పట్టి ఉంచడానికి చిన్న ఉక్కు కొక్కెం. రెండో నీళ్లు పడగానే టైమరు కొక్కేన్ని పక్కకి లాగుతుంది, మూత టప్పున తెరుచుకుంటుంది. అంతకంటే తెలివైన అరని ఇంతవరకూ ఎవడూ గీయలేదు. ఇది నా అభిప్రాయం కాదు, వాస్తవం.

మొదటి రెండు వందల మెషిన్లలో ఒకటి నేను మా ఇంటికి తెచ్చుకున్నాను, మిగతావన్నీ పరీక్ష కోసం మీ ఊళ్లోనే పెట్టించాం. మెకానిక్‌వి నువ్వే. ఏడాదిలో ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆ ధైర్యంతో కంపెనీ నలభై వేలు తయారుచేసి వదిలింది. అవేం చేశాయో నీకు చెప్పక్కర్లేదు. మూత తెరుచుకోదు, పొడి లోపలే రాయైపోతుంది, జిడ్డు గిన్నెలు జిడ్డుగానే బయటికొస్తాయి. నన్ను డిజైన్ గదిలోంచి లేపి వాడుక పుస్తకాలు రాసే గదిలో పడేశారు. "తడి చేతులతో ప్లగ్గు ముట్టరాదు" అన్న ఒక్క వాక్యాన్ని ఇరవై రెండేళ్లు తిప్పి తిప్పి రాశాను.

తప్పు నా డ్రాయింగుది కాదు, దాన్ని చూసి విడిభాగాలు తయారుచేసే టూల్‌రూమ్‌దని అప్పుడే మొత్తుకున్నాను. ఇప్పుడు రుజువుతో అచ్చువేయిస్తాను. ఆ రెండు వందల్లో ఒకటి మీ ఇంట్లో ఇంకా నడుస్తోంది కదా. దాని కొక్కెం పొడవు కొలిచి పంపు. డ్రాయింగు ప్రకారం నాలుగు మిల్లీమీటర్లు. మా ఇంట్లోదీ ఆ రెండు వందల్లోదే, కానీ దాన్ని విప్పమనకు. ఇరవై ఆరేళ్లుగా ఎవర్నీ ముట్టనివ్వలేదు, ఒక్కరోజూ మొరాయించలేదు. కావాలంటే మీ అక్కనడుగు.

మీ బావ


షాపు వెనక గది
జూన్ 19

సబ్బుపొడి చరిత్రకారులు, మహారాజశ్రీ బావగారికి,

మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. "అరకే ఒక అధ్యాయమైతే తలుపుకి ఎన్ని సంపుటాలో!" అంది. ఆవిడ మాటలు పట్టించుకోకండి, చదువుకున్న మనిషి.

మీ చరిత్రంతా బాగుంది గానీ, అందులో మెకానిక్ అనేవాడు మచ్చుకైనా కనపడలేదు. తిరగబడే కప్పుని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది తిరగబడేది నిజమే, కింద బోర్లించిన గాజు గ్లాసుల నెత్తిన. పొడి అక్కడే గట్టిపడేది. ఒకావిడ నన్ను పిలిపించి, "మీ మెషిన్ గ్లాసులకి టోపీలు పెడుతోందయ్యా" అంది. పక్కకి జరిగే మూత సంగతి సరేసరి. దాని గాడిలో పొడి ఇరుక్కుని మూత సగంలో ఆగిపోయేది. ఆ గాడులు తోముతూ నేను గడిపిన కాలంలో ఇంకొకడైతే రెండు డిగ్రీలు తెచ్చుకునేవాడు. తోమిన టూత్‌బ్రష్షు కూడా నా సొంతమే. ఈ వాస్తవం కూడా మీ పుస్తకంలో ఒక మూల వేయించండి.

ఇక కొక్కెం. మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ ఎక్కడ పెట్టానో కనపడటం లేదు. కనపడ్డా, ఈ వయసులో మెషిన్ ముందు మోకాళ్ల మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. అయినా ఎప్పటివో తవ్వి ఇప్పుడేం సాధిస్తారు? "కొక్కెం చూడముచ్చటగా ఉండేది" అని రాసేయండి, ఎవడొచ్చి కొలుస్తాడు?

మీ ఇంటి మెషిన్ ఒక్కరోజూ మొరాయించలేదని రాశారు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నిజంగానా? ఒక్కరోజూ?

ఇట్లు,
చరిత్రలో చోటు దొరకని మెకానిక్


మూడో అంతస్తు, అదే బల్ల
జూలై 5

వెర్నియర్ పోగొట్టుకున్న మెకానిక్‌కి,

మెకానిక్ ఇంట్లో వెర్నియర్ కనపడదు! ఈ మాట పైకి అనకు, ఉన్న పేరు కూడా పోతుంది. పక్క షాపులో అడుక్కో. మోకాళ్ల సంగతంటావా, మీ ఆవిణ్ణి చెయ్యి పట్టుకోమను. చదువుకున్న మనిషి అన్నావుగా.

ఇది నాకు వేళాకోళం కాదు. మిల్లీమీటరు గుర్తున్నాడా? టూల్‌రూమ్‌లో ఉండేవాడు. ఎవరేం అడిగినా "ఎన్ని మిల్లీమీటర్లు?" అనేవాడని ఆ పేరు పెట్టాం. టీ తాగుదామన్నా అదే ప్రశ్న. పదకొండేళ్లు ఒకే బల్ల మీద భోజనం చేశాం. పరీక్షకి పెట్టిన రెండు వందల కొక్కేలూ చేత్తో చేసినవి. నలభై వేలకి, రేకులోంచి కొక్కేలు కత్తిరించే కొత్త డై అతను చేశాడు. ఆ డైలో కొలత తప్పాడు. ఇంకేం ఉంటుంది?

విచారణ అంటే ఒక గది, మూడు కుర్చీలు, పావుగంట. కొలిచి చూద్దామంటే సరుకంతా అప్పటికే కొలిమిలో కరిగించేశారు. అతను "నేను డ్రాయింగు ప్రకారమే చేశాను" అన్నాడు. "అయితే ఆ రెండు వందలూ ఎలా పనిచేశాయి?" అన్నాను. అతను తల దించుకుని చేతులు చూసుకున్నాడు. అతన్ని తీసుకెళ్లి గేటు దగ్గర హాజరు పుస్తకం ముందు కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచీ నాతో మాట్లాడలేదు. తప్పు చేసిందీ తనే, అలిగిందీ తనే. చూశావా విడ్డూరం!

పుస్తకం ఆవిష్కరణకి పాత ఉద్యోగులందర్నీ పిలుస్తున్నారు, అతన్ని కూడా. అతని ఎదురుగా ఆ పేజీ తెరిచి పెట్టాలి. నన్ను నా గదిలోంచి లేపినప్పుడు పెన్సిళ్లు సర్దుకుని వచ్చేశానురా. ఈ ఒక్క పేజీ నాకు కావాలి. కొలిచి పంపు.

మీ బావ


షాపు వెనక గది
జూలై 20

బావగారికి,

వెర్నియర్ దొరికింది. కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు. సరిగ్గా నాలుగు. తృప్తేనా?

మిల్లీమీటరుగారి ఊసు పుస్తకంలో ఎత్తాలా? ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను మూడు వారాలు శిక్షణకి మీ ఫ్యాక్టరీకి పంపారు. వెర్నియర్ చదవడం, ఇనుము అరగదీసే ఆకురాయి పట్టడం నాకు నేర్పింది ఆయనే. చెయ్యి వణికితే నెత్తిన మొట్టేవాడు. పెద్దమనిషి, పోనివ్వండి.

అక్కని అడిగానని చెప్పండి. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి.

మీ బావమరిది


మూడో అంతస్తు, ఇవాళ బాల్కనీలో
ఆగస్టు 2

నా బంగారు బావమరిదికి,

నాలుగు! మీ అక్క ముందు ఆ కాగితం పెట్టి మూడుసార్లు చదివాను. ఆవిడ "బాగుంది, గిన్నెలు సర్దండి" అంది. ఈ ఇంట్లో నా విజయాలకి ఎప్పుడూ ఇదే సన్మానం.

ఎండల గురించి రాశావు! నీ జన్మలో నాకు ఎండల గురించి ఎప్పుడైనా రాశావా? ఒంట్లో బాగుందా?

మ్యూజియం వాళ్లకి పంపిన పేరా ఇదిగో: "పరీక్షలో నెగ్గిన మెషిన్ కొక్కెం నేటికీ సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు ఉంది. అనగా డ్రాయింగు నిర్దోషి. తర్వాతి నలభై వేల మెషిన్ల వైఫల్యానికి డై తయారుచేసిన టూల్‌రూమ్ ఉద్యోగి అజాగ్రత్తే కారణం." కింద చిన్న అక్షరాల్లో: "కొలత తీసినవారు, ముప్పై ఏళ్ల అనుభవం గల కంపెనీ మెకానిక్." చరిత్రలో చోటు లేదని ఏడ్చావుగా, ఇచ్చాను. ఊరికే పొగడక్కర్లేదు, ఒక దండ చాలు.

ఇరవయ్యో తారీకున అచ్చుకి వెళుతుంది. మిల్లీమీటరుకి ఆహ్వానం అందిందట.

మీ బావ


షాపు వెనక గది
ఆగస్టు 9

బావా,

అచ్చు ఆపించండి. తిట్టడం తర్వాత, ముందు వాళ్లకి ఫోన్ చేసి ఆపించండి.

నేను కొలవలేదు. కొలవక్కర్లేదు కూడా, ఎంతో నాకు తెలుసు. మూడున్నర. అలా చేసింది నేనే.

మొదటి మెషిన్ ఒక టీచరమ్మ ఇంట్లో బిగించాను. నడిపి చూపిస్తే మూత తెరుచుకోలేదు. ఆవిరికి మూత ఉబ్బింది, కొక్కెం దాన్ని కరిచి పట్టుకుంది. గులాబీ రంగు ఫిర్యాదు ఫారం తీశాను. పేరు రాశాను, చిరునామా రాశాను. "లోపం" అన్న గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ముందురోజే అక్క ఫోన్లో అంది, "ఇది గనక పోయిందంటే మీ బావ మనిషి కాడురా" అని. నాకు ఆ ఉద్యోగం వేయించింది మీరు. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. కొక్కెం ఊడదీసి, ఆకురాయి ఆరుసార్లు ఆడించాను. అర మిల్లీమీటరు పోయింది. మళ్లీ నడిపితే మూత టప్పున తెరుచుకుంది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

తర్వాత అన్ని ఇళ్లలోనూ అదే. వాడుక పుస్తకం తెమ్మని ఆ ఇంటావిణ్ణి ముందుగదిలోకి పంపడం, ఆవిడొచ్చేలోపు ఆరుసార్లు. నూట తొంభై తొమ్మిది వంటిళ్లు. మీ ఇంట్లో ఉన్నది ఒక్కటే తప్పింది. మీ పరువు కాపాడుతున్నానని నా గొప్ప. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఆ ఒక్క ఫారం పంపి ఉంటే మీరు డ్రాయింగులో ఒక అంకె దిద్దుకునేవారు. రబ్బరు ముక్క పని. నలభై వేలు కొలిమిలో పడేవి కావు, మీరు ప్లగ్గుల గురించి రాసేవారు కాదు, నాకు ఆకురాయి నేర్పిన మనిషి గేటు దగ్గర కూర్చునేవాడు కాదు. విచారణ సంగతి విన్న రోజే చెప్పాల్సింది. భయపడ్డాను. రోజులు గడిచేకొద్దీ ఇంకా భయం. మొన్న నాలుగని రాసింది కూడా భయంతోనే. ఆ అంకె ఆయన మెడకి చుట్టుకుంటుందని మీ పేరా చదివేదాకా నాకు తట్టలేదు. సిగ్గుగా ఉంది బావా. ఆయనకి ఏం చెప్పి ముఖం చూపించను?

కొక్కెం గుడ్డలో చుట్టి ఈ కవర్లోనే పెట్టాను. మీరే కొలుచుకోండి. ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టదు. మీ ఇంట్లోదాన్ని నేను ముట్టలేదు. అది ఎలా పనిచేస్తోంది?

మీ బావమరిది


షాపు వెనక గది
ఆగస్టు 31

బావగారికి,

మూడు వారాలైంది. అక్కనడిగితే "అచ్చు ఆపించారు, ఆయన బాగానే ఉన్నారు" అని ఫోన్ పెట్టేస్తోంది. అక్క రెండు ముక్కల్లో ఫోన్ పెట్టేసిందంటే ఆ ఇంట్లో ఎవరూ బాగాలేరని అర్థం.

మా మెషిన్‌కి కొక్కెం లేదు. మా ఆవిడ గిన్నెలు చేత్తో తోముతోంది. తోముతున్నంతసేపూ మిమ్మల్నీ నన్నూ కలిపి తలుచుకుంటోంది. పాపం, తేడా చూపించడం లేదు.

తిట్టండి. తిట్టకపోతే తోచడం లేదు.

మీ బావమరిది


మూడో అంతస్తు, వంటింటి బల్ల దగ్గర
సెప్టెంబరు 8

బావమరిదీ,

అడిగావు కదా, తిట్లు నాలుగు పేజీలు రాశాను. మీ అక్క చదివి, "ఇందులో వాడికి కొత్తవేమీ లేవు" అని పక్కన పడేసింది. కాబట్టి క్లుప్తంగా: నాకు చాలా కోపం వచ్చింది, ఇంకా ఉంది. ఇరవై రెండేళ్లు నేను తడి చేతుల గురించి రాసింది నీ ప్రేమ చలవే. ఆ రకం ప్రేమ ఇంకెవరి మీదా చూపించకు, నీకు పుణ్యముంటుంది.

ఇక నా సంగతి. దాచడం నీకొక్కడికే వచ్చనుకోకు. డై మొదలుపెట్టే ముందు మిల్లీమీటరు నా బల్ల దగ్గరికొచ్చాడు. డ్రాయింగు మీద వేలు పెట్టి, "సార్, ఇది అర మిల్లీమీటరు ఎక్కువ. ఆవిరికి మూత ఉబ్బితే వదలదు" అన్నాడు. నేను నీ రెండు వందల ఇళ్ల కాగితం తీసి అతని ముఖం ముందు ఆడించాను. "మీ అనుమానం గొప్పదా, రెండు వందల వంటిళ్లు గొప్పవా?" అన్నాను. ఆ మాట నేను విచారణలో చెప్పలేదు. ఆ కాగితం ఉండగా తన మాట ఎవరు నమ్ముతారని అతనూ ఎత్తలేదు. మీ అక్కకి చెప్పలేదు. నీకు రాసిన ఉత్తరాలు తీసి చూసుకో, వాటిలోనూ లేదు. నువ్వు పంపని ఫారం ఒకటుంటే, నేను మింగేసిన మాట ఒకటుంది.

కొక్కెం జేబులో వేసుకుని అతని ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, నన్ను పోల్చుకుని, "ఎంతసేపు?" అన్నాడు. "పావుగంట" అన్నాను. విచారణకి పట్టినంతే. కొక్కెం బల్ల మీద పెట్టాను. బీరువాలోంచి వెర్నియర్ తీశాడు. వాళ్లింట్లో అది పోలేదు, గమనించు. కొలిచి "మూడున్నర" అన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచు తిప్పి చూశాడు. "ఆకురాయి గీతలన్నీ ఒకేవైపు, చివరిది మాత్రం అడ్డంగా. ఇది నేను నేర్పిన చెయ్యి. మీ బావమరిదేనా?" అన్నాడు.

అంతా చెప్పాను. నీదీ, నాదీ. తప్పు నాదేనని కూడా అన్నాను. కొక్కేన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. చివరికి, "అర మిల్లీమీటరు ఒప్పుకోడానికి ఇరవై ఆరేళ్లా సార్?" అన్నాడు. నేను తల దించుకుని చేతులు చూసుకున్నాను. అప్పుడు అతను చూసుకున్నట్టే. టీ ఇవ్వలేదు, అడిగే ముఖం నాకూ లేదు. ఆవిష్కరణకి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కొక్కెం మాత్రం తిరిగి ఇవ్వలేదు. "వాడికి కొత్తది చేసి పంపుతాను, మూడున్నరకి. వాడి చెయ్యి ఇంకా వణుకుతోందేమో అడగండి" అన్నాడు. అడిగాను. జవాబు అతనికే రాయి.

పేరా మార్చాను. ఇప్పుడు ఇలా ఉంది: "కొక్కెం పొడవు రూపకర్త తప్పుగా గీశాడు. టూల్‌రూమ్ నిపుణుడు ముందే హెచ్చరించినా వినలేదు. ఒక మెకానిక్ గుట్టుగా సరిచేయడం వల్ల తప్పు దాగింది, దాగడం వల్ల పెరిగింది." నిపుణుడి పూర్తి పేరు వేయించాను, మారుపేరు కాదు. కింద చిన్న అక్షరాల్లో ఏమీ లేదు. నీ దండ రద్దు.

మా ఇంటి మెషిన్ ఎలా పనిచేస్తోందని అడిగావు. నేనూ మీ అక్కని అదే అడిగాను. చేస్తున్న పని ఆపకుండా సొరుగులోంచి ఒక చెంచా తీసి నా ముందు పెట్టింది. కాడ కొస వంగిపోయి ఉంది. రెండో నీళ్లు పడే చప్పుడు వినగానే తలుపు ఓరగా తీసి, ఆ కాడతో మూత ఎత్తి, మళ్లీ వేసేస్తుందట. రోజుకి రెండుసార్లు, ఇరవై ఆరేళ్లు. మెషిన్ నడుస్తున్నంతసేపూ ఆవిడ దాని పక్కనే ఎందుకు నిలబడుతుందా అనుకునేవాణ్ణి. నా డిజైన్ చూసి మురిసిపోతోందనుకున్నాను.

"ఒక్కమాట చెప్పొచ్చు కదా" అన్నాను. "మొదట్లో మీ సంబరం చెడగొట్టలేకపోయాను. ఆ తర్వాత మిమ్మల్ని ఆ గదిలోంచి లేపేశారు. ఇంట్లో కూడా లేపేయమంటారా?" అంది. ఆ చెంచా పట్టుకుని ఏడ్చాను. నువ్వు ఇది ఎవరితోనూ అనకు.

ఆవిష్కరణ ఇరవై ఐదున. రెండు రోజుల ముందే మీ ఆవిణ్ణి తీసుకుని రా. ఆకురాయి తెచ్చుకో. మా కొక్కెం విప్పి బల్ల మీద పెట్టి ఉంచుతాను, కానీ నువ్వు ముట్టుకోవద్దు. ఆకురాయి నేను పడతాను. నువ్వు పక్కన నిలబడి పైకి లెక్కపెట్టు. ఏడోసారి ఆడించబోతే చెయ్యి పట్టుకో.

మీ బావ